గుంట కొలిచే మనిషి

మొన్న పండరీ బట్టల బజారులో మా తమ్ముడు పనిచేసే కొట్టుకి దిండు గలీబుల గుడ్డ కోసం వెళ్ళాను. వాడు మీటరు బద్దతో గుడ్డ కొలుస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"అక్కా, మీ ల్యాబులో నంబర్ బాబు ఉండేవాడు చూడు, ఆయన పోయాడంట. వాళ్ళ అల్లుడు వచ్చి పదోరోజుకి పంచెల చాపులు తీసుకెళ్ళాడు. మనవాళ్ళే కదా అని రేటు కొంచెం కమ్ చేసి ఇచ్చాను."

"ఎప్పుడు?"

"వారం అయిందంట. పడుకున్నవాడు లేవలేదంట. నీకెన్ని మీటర్లు కట్ చెయ్యమంటావు?"

ఎన్ని మీటర్లు చెప్పానో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చి చూసుకుంటే కావలసినదానికి రెట్టింపు ఉంది. మా తమ్ముడికి ఆయనతో ముఖపరిచయం కూడా లేదు. ఆయన ఉద్యోగం పోవడానికి తనూ ఒక కారణమని వాడికి ఈ రోజుకీ తెలియదు. వాడికి కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు ఎప్పుడూ లేకపోయింది.

ఆయన పేరు రాయను. తన పేరు ల్యాబు చీటీల కింద తప్ప ఇంకెక్కడా కనబడడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. తెలుగువాళ్ళం మేష్టారూ అనేవాళ్ళం. ఆయన ఏ బడిలో పాఠం చెప్పారో, అసలు చెప్పారో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఇనపముక్కలు మోసుకొచ్చే కూలీలకి ఆయన నంబర్ బాబు.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి రాయపూరు వచ్చేశాడు. ఆ వర్క్‌షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రెండు గదుల క్వార్టరులో పెరిగాం. నేను బీయెస్సీ కెమిస్ట్రీ పాసై ఏడాది ఖాళీగా కూర్చున్నాక, స్టేషను అవతల ఒక రేకుల షెడ్డులో ఉన్న ప్రైవేటు టెస్టింగు ల్యాబులో ఉద్యోగం దొరికింది. అప్పటికి ఊరవతల సిల్తారాలో ఇన్ని పొగగొట్టాలు లేవు. ఊరి చుట్టూ చిన్న చిన్న ఫౌండ్రీలు, రోలింగు మిల్లులు, ఇనుము కాల్చి సాగగొట్టే షెడ్లు ఉండేవి. వాళ్ళు తాము చేసిన సరుకులోంచి ఒక ముక్క కోసి మా దగ్గరికి తెచ్చేవారు. ఆ ఇనుములో ఏమేం కలిసి ఉన్నాయో నేను యాసిడ్లలో కరిగించి చెప్పాలి. అది ఎంత గట్టిదో ఆయన చెప్పాలి. మా చీటీ ఉంటేనే కొనేవాడు సరుకు తీసుకుంటాడు. చీటీ కింద సంతకం ఆయనదే.

నేను చేరిన మొదటిరోజు ఆయన ఒక ముక్క మీద తుప్పు రుద్దుతూ, నా వైపు చూడకుండానే అడిగారు.

"గట్టితనం అంటే ఏటమ్మా?"

చదువుకున్నది అప్పజెప్పాను. అన్నిటికన్నా మెత్తనిది సుద్దలాంటి రాయి, అన్నిటికన్నా గట్టిది వజ్రం, మధ్యలో ఏది దేన్ని గీస్తుందో వరసగా.

"బాగున్నాది. మీ ఇంట్లో వజ్రం ఉన్నాదా?"

"లేదండీ."

"మరెలాగ కొలుస్తావు?"

ఒక మేకు, గాజుపలక ముక్క, ఇత్తడి గ్లాసు, ఇనుము అరగదీసే పాత ఆకురాయి తెచ్చి నా ముందు పెట్టారు. "గీకు," అన్నారు. గంటసేపు గీకాను. మేకు ఇత్తడిని గీసింది, గాజుని గీయలేకపోయింది. ఆకురాయి అంచు మేకునీ గీసింది, గాజునీ గీసింది.

"ఏది గట్టిది?"

"ఆకురాయండీ."

ఆయన ఆకురాయిని తీసి, సగం బల్ల అంచుకి బయటికి ఉంచి, చిన్న సుత్తితో ఒక దెబ్బ వేశారు. పెంకులా రెండు ముక్కలైంది. తర్వాత మేకుని అలాగే పెట్టి అలాగే కొట్టారు. అది వంగి ఊరుకుంది.

"చూసేవా? అన్నిటినీ గీసింది అదే, ముందు విరిగిపోయిందీ అదే. గట్టిది వేరు, బలమైనది వేరు. ఈ ఊళ్ళో సగంమంది మాలిక్‌లకి ఈ ఫరక్ తెలీదు. తెలిసినవాళ్ళు తెలీనట్టుంటారు."

ఇరవై ఒక్కేళ్ళ పిల్లని, ఆ ముక్కలు చూస్తూ నిలబడిపోయాను. కాలేజీలో మూడేళ్ళు చదివినా ఎవరూ నా ముందు ఒక వస్తువు విరిచి చూపించలేదు.

ఆయన మిషను ఆకుపచ్చ రంగుది, ఎక్కడో వాడి వదిలేసింది. దాని కింద ఇనపముక్క పెట్టి, పైనుంచి శనగగింజంత ఉక్కు గుండుని మూడు వేల కిలోల బరువుతో నొక్కాలి. పదిహేను సెకన్లు అలా ఉంచి తీసేస్తే ముక్కమీద గుండ్రటి నొక్కు మిగులుతుంది. గొట్టంలాంటి చిన్న మైక్రోస్కోపు దానిమీద నిలబెట్టి, లోపలి గీతలతో ఆ నొక్కు వెడల్పు కొలవాలి. మెత్తని ఇనుమైతే నొక్కు వెడల్పుగా పడుతుంది, గట్టిదైతే చిన్నదిగా పడుతుంది. ఆ వెడల్పుని బట్టి గోడమీద అంటించిన పట్టికలో నంబరు చూడాలి. అంతే పని. కానీ ముక్క మీద చెక్కు లేకుండా ఆకురాయితో సాపు చేయడానికే ఆయన అరగంట తీసుకునేవారు. ముప్ఫైయేళ్ళుగా చేసిన ఆ పనికి ఇనపరజను గోళ్ళలోకి ఎక్కిపోయి, సబ్బుకి పోయేది కాదు. అందుకని అన్నం చెంచాతో తినేవారు.

నొక్కుని ఆయన గుంట అనేవారు. మావైపు ఆడపిల్లనీ గుంటనే అంటాం. "గుంటా, ఆ గుంట ఎంతో రాసుకో" అని ఆయన అంటే, కొత్తలో నాకు నవ్వాగేది కాదు.

ప్రతి గుంటనీ రెండుసార్లు కొలిచేవారు. ఒకసారి అడ్డంగా, ముక్కని తిప్పి ఇంకోసారి నిలువుగా. రెండూ ఒకటే వస్తాయని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా తిప్పేవారు. గుండు బరువు కింద ఉన్న పదిహేను సెకన్లూ పెదాలు కదపకుండా లెక్కపెట్టేవారు. గోడ గడియారం ఉన్నా దాన్ని చూసేవారు కాదు. ఆ అలవాటు మనుషులతో కూడా వచ్చేసింది. ఎవరైనా కోపంగా ఏదైనా అంటే వెంటనే జవాబు వచ్చేది కాదు. ఎదుటివాడు ఈయనకి వినబడలేదేమో అనుకుని మళ్ళీ అరిచేవాడు. నాకు మాత్రం ఆయన లెక్కపెడుతున్నారని తెలిసేది. పదిహేను అయ్యాక మెల్లిగా, "గుంట ఎంత పడితే అంతే రాస్తాను బాబూ," అనేవారు.

ఒకసారి ఒక కూలీ ఆయన్ని ఆటపట్టించాడు. "హమర్ మాలిక్ కతకా నంబర్ హే బాబూ?" మా యజమాని ఎంత గట్టివాడో కూడా చెప్పమని. ఆయన మిషను వైపు చూసి, చాలా సీరియస్‌గా, "ఆయన ఈ బల్లమీద పట్టడు," అని హిందీలో చెప్పారు. ఆయన హాస్యమాడగా నేను విన్నది అదొక్కటే. అదీ హాస్యమేనని ఇప్పటికీ రూఢిగా చెప్పలేను.

చేరిన మూడో ఏడు ఎండాకాలం చివర్లో ఒకరోజు మైక్రోస్కోపు నా వైపు జరిపారు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయేను. నువ్వు చూసి చెప్పు." మర్నాడు కూడా మర్చిపోయారు. మూడోరోజు కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఈసారి, "చిన్నపిల్లవి, నీ కన్ను చురుగ్గా ఉంటాది," అన్నారు. అప్పటినుంచి నేను చూసి చెప్పడం, ఆయన పట్టికలో నంబరు వెతికించుకుని చీటీ రాయడం. రాసేటప్పుడు ముఖం కాగితానికి ఆనించినంత దగ్గరగా పెట్టేవారు. కుడికంట్లో తెల్లగా పొర కనబడేది. శుక్లం అని నాకు తెలుసు. మా అమ్మమ్మకి వచ్చింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. షెడ్డులో మేమిద్దరం తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

అలా నాలుగు నెలలు సాగింది. ఆ నాలుగు నెలల్లోనే కొక్కేల లాటు వచ్చింది.

బరువులెత్తే గొలుసులకి తగిలించే ఇనప కొక్కేలవి. ఊరి చివర ఒక షెడ్డులో చేసేవారు. కొక్కెం మరీ గట్టిగా ఉండకూడదు. గట్టిగా ఉంటే బరువుకి సాగకుండా, ముందుగా తెలియకుండా, పుటుక్కున విరుగుతుంది. గుంట వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఆ లాటు పనికిరాదు. అంతకుముందు రెండుసార్లు వాళ్ళ సరుకుని మేష్టారు వెనక్కి పంపారు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాక మళ్ళీ సమంగా వేడిచేసి చల్లార్చాలి. వాళ్ళు ఆ రెండో పని ఎగ్గొడుతున్నారు.

ఆ షెడ్డు సూపర్‌వైజరు మా కాలనీవాడే. రాయపూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. నేను బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే సైకిలు దిగి పక్కన నడిచాడు.

"అక్కా, మీ తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు కదా?"

ఖాళీగానే ఉన్నాడు. మెట్రిక్ తప్పి రెండేళ్ళు. ఇంట్లో నాన్న వాడితో మాట్లాడ్డం మానేశాడు. అమ్మ ఇద్దరికీ వేరువేరు వేళల్లో అన్నం పెట్టేది.

"మా దగ్గర హెల్పర్ జగా ఖాళీ ఉంది. సోమవారం పంపించండి, కామ్ పక్కా. ఒక్కటే, రేపు మా సాంపుల్ వస్తుంది. ఈసారి కూడా ఫెయిలైతే మాలిక్ నన్నే తీసేస్తాడు. బాబుకి ఎలాగూ కనిపించట్లేదని నాకు తెలుసక్కా. ఒక్క నంబరుకి ఏం ఫరక్ పడుతుంది?"

ఒప్పుకోలేదు, కాదనలేదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాను.

మర్నాడు మేష్టారు ముక్కని ఎప్పటిలాగే అరగంట సాపు చేశారు. గుండు కింద పెట్టి లెక్కపెట్టారు. మైక్రోస్కోపు నా వైపు జరిపారు. నేను చూశాను. గుంట చిన్నగా, అంచులు చక్కగా తేలి, లోపలి గీతలమీద స్పష్టంగా కనబడింది. మూడు పాయింట్ నాలుగు.

"నాలుగు పాయింట్ ఒకటండీ," అన్నాను.

"తిప్పి చూడు."

తిప్పాను. "నాలుగు పాయింట్ ఒకటే."

ఆయన రాసి సంతకం పెట్టారు. "పరవాలేదు, ఈసారి బుద్ధిగా చేసేరు," అన్నారు. ఆ మాటలోని సంతోషం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

సోమవారం నుంచి మా తమ్ముడు ఆ షెడ్డులో పనికి వెళ్ళాడు. మూడు నెలలు చేసి, కొలిమి వేడి భరించలేనని మానేసి, పండరీలో బట్టల కొట్లో చేరాడు. అక్కడ స్థిరపడ్డాడు. అంటే ఆ ఉద్యోగం లేకపోయినా వాడు బతికేవాడే.

చలికాలం మొదలయ్యాక మేష్టారు ఊరెళ్తున్నానని సెలవు పెట్టి, కంటి ఆపరేషను చేయించుకుని నలభై రోజులకి వచ్చారు. సీసా అడుగుల్లాంటి అద్దాలు. వాటి వెనక కళ్ళు పెద్దవై ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండేవి. వచ్చిన రెండోరోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, అలమార తెరిచారు.

పరీక్ష చేసిన ప్రతి ముక్కనీ తెల్లరంగుతో నంబరు వేసి ఏడాదిపాటు దాచడం మా ల్యాబు పద్ధతి. ఆయన ఎండాకాలం నాటి మొదటి ముక్క తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత రెండోది.

"ఏం చేస్తున్నారండీ?" అని అడిగాను.

"నీ కంటికీ నా కంటికీ ఎంత తేడా ఉన్నాదో చూస్తన్నానమ్మా. నువ్వు చూసినవి నాలుగు నెలలవి ఉన్నాయి కదా. ఇద్దరం ఒక్కలాగే చూస్తన్నామంటే ఇకమీదట నాకు నిశ్చింత."

అనుమానం లేదు ఆ మాటలో. రోజుకి ఆరేడు ముక్కలు చూసేవారు. ఎప్పుడైనా పాయింట్ సున్నా అయిదు తేడా వస్తే, "ఇక్కడ నీదే సరి," అని కూడా అనేవారు. కొక్కెం ముక్క నంబరు రెండు వందల పన్నెండు. ఆయన నూట నలభై దగ్గర ఉన్నప్పుడు నాకు అన్నం సయించడం మానేసింది. నూట ఎనభై దగ్గరికి వచ్చేసరికి, ఒక సాయంత్రం ఆ ముక్కని నా టిఫిను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.

అమ్మ సంచి అందుకుని, "ఏటే, ఇంత బరువున్నాది? రాళ్ళేటైనా తెచ్చేవా?" అంది. ల్యాబు పని అన్నాను. పెరట్లో మురికికాలవ ఉంది. దాని గట్టుమీద కాసేపు నిలబడ్డాను. పడేసి ఉంటే అయిపోయేది. కానీ వరసలో రెండు వందల పన్నెండు ఖాళీగా కనబడగానే ఆయన తలెత్తి నా వైపు చూస్తారు. ఆ చూపుకి భయపడి మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేశాను. నిజాయితీతో పెట్టానని చెప్పుకోలేను.

నాలుగు రోజులకి ఆయన దాని దగ్గరికి వచ్చారు. నేను నా బల్ల దగ్గర యాసిడు కొలుస్తున్నాను. ముక్కని తిప్పారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత లేచి మిషను దగ్గరికి వెళ్ళి, ఆ ముక్కమీదే ఇంకో గుంట వేశారు. దాన్నీ కొలిచారు. నేను తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం చూసేదాన్నో తెలియదు.

ఆయన నన్నేమీ అడగలేదు. కాగితం తీసుకుని, ఫలానా నంబరు చీటీ తప్పు, రద్దు చేస్తున్నాను, ఆ కొక్కేలు వాడవద్దు అని రాసి సంతకం చేశారు. "రేపు నాతో రా గుంటా," అన్నారు. అంతే.

కొక్కేలు చేసినచోట ఎవరెవరికి అమ్మారో చెప్పడానికి వాళ్ళు ఒకపట్టాన ఒప్పుకోలేదు. ఆయన వాళ్ళ ఆఫీసు ముందు బల్లమీద పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. కూర్చోవడం ఆయనకి బాగా వచ్చు. చివరికి విసిగి మూడు పేర్లు రాసిచ్చారు. ఒకచోట ఇంకా వాడలేదు. ఒకచోట మా ముందే విప్పి పక్కన పడేశారు. మూడోది ఊరి బయట ఒక బియ్యం మిల్లు.

అక్కడ కొక్కెం రెండు నెలల కిందటే విరిగింది. పైకెత్తుతున్న మోటారు జారి ఒక మనిషి పాదం మీద పడింది. అతని పేరు బిసాహు. నలభై ఏళ్ళుంటాయి. ఇప్పుడు మిల్లు గేటు దగ్గర కాపలా కూర్చోబెట్టారు. ఎడమ పాదం సగం లేదు. మిగిలిన సగానికి గుడ్డ చుట్టి, రబ్బరు చెప్పు తాడుతో కట్టుకున్నాడు.

మేష్టారు అతని ముందు నిలబడ్డారు. పదిహేను సెకన్లు కాదు, ఇంకా ఎక్కువసేపే అయింది.

"ఆ కొక్కెం మంచిదని చీటీ ఇచ్చింది నేను," అని హిందీలో అన్నారు. "నేను సరిగ్గా చూడలేదు."

నేను ఆయన పక్కనే ఉన్నాను. నా చేతిలో ఆయన గొడుగు ఉంది.

బిసాహుకి ఆ మాట సరిగా అర్థం కాలేదు. ఎవరో పెద్ద బాబు వచ్చి తనముందు నిలబడడమే అతనికి ఇబ్బందిగా ఉంది. "కా కరబో బాబూ," అన్నాడు. ఏం చేస్తాం అని. మట్టికుండలోంచి నీళ్ళు ముంచి ఇద్దరికీ ఇచ్చాడు. నేను తాగాను. దాహమేసింది మరి.

రిక్షాలో తిరిగొచ్చాం. అప్పుడు చెప్పి ఉండవలసింది. స్టేషను దాకా గంట దారి.

వారం తిరక్కుండా ల్యాబు యజమాని ఆయన్ని పిలిచాడు. ఇచ్చిన చీటీ వెనక్కి తీసుకునే ల్యాబుకి రేపటినుంచి ఎవరొస్తారని అరిచాడు. "గుంట చూసిందెవరు? మీరా, ఆ అమ్మాయా?" అని కూడా అడిగాడు. తలుపు తెరిచే ఉంది. నా బల్ల దగ్గరికి అంతా వినబడింది.

"సంతకం నాది సాబ్," అన్నారు మేష్టారు.

ఆ నెలాఖరుకి ఆయన్ని పంపేశారు. సైకిలు హ్యాండిలుకి టిఫిను క్యారియరు తగిలించుకుని, రోజూ వెళ్ళినట్టే వెళ్ళిపోయారు. మర్నాటినుంచి మైక్రోస్కోపు నాది, సంతకం నాది. ఆ తర్వాత నేను ఒక్క గుంట కూడా తప్పు చెప్పలేదు. అది గొప్పకి చెప్పడం లేదు. చెప్పలేకపోయానంతే.

ఆయన ఇంటికి వెళ్ళడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. కాలనీ వెనక అద్దె ఇంట్లో కూతురి దగ్గర ఉండేవారు. నేను వెళ్ళేసరికి అరుగుమీద కూర్చుని బఠాణీలు వలుస్తున్నారు. కూతురు టీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, నేల వైపు చూస్తూ చెప్పేశాను. పొరపాటుగా చూడడం కాదని, మూడు పాయింట్ నాలుగు అని తెలిసే అబద్ధం చెప్పానని, తమ్ముడి ఉద్యోగం కోసమని.

ఆయన చేతిలోని కాయ వలిచి గింజలు గిన్నెలో వేశారు.

"తెలుసమ్మా. మూడున్నర లోపుది నాలుగు పైన కనపడే కన్ను ఎక్కడా ఉండదు."

"తెలిసీ ఎందుకు అడగలేదండీ?"

నేను ఎదురుచూశాను. లెక్కపెడుతున్నారో, అలిసిపోయారో తెలియలేదు.

"ఏటని అడగను? నాకు కళ్ళు కనపడ్డం లేదని నేను మాలిక్‌తో చెప్పేనా? చెప్తే ఇంటికి పొమ్మంటాడని భయమేసింది. కూతురి పెళ్ళి అప్పటికి కాలేదు. కనపడనోడు సంతకం పెట్టకూడదు. పెట్టేను. నీది ఒక్కరోజు అబద్ధం గుంటా. నాది నాలుగు నెలలు." ఇంకో కాయ తీసుకున్నారు. "నువ్వేదో నన్ను పెద్దమనిషిని చేసి చూస్తన్నావు. అలా చూడకు. నాకు బరువుగా ఉంటాది."

గిన్నె పక్కకి జరిపి ఆయనే అడిగారు. "బిసాహు దగ్గరికి వెళ్ళేవా ఎప్పుడైనా?"

"లేదండీ."

"నేను యేడాదికి రెండుసార్లు వెళ్తాను. ఊరికే కూర్చుని వస్తాను. నువ్వూ వెళ్ళు."

వెళ్తానన్నాను. వెళ్ళలేదు. పెళ్ళయింది, పిల్లలు, ఉద్యోగం, అత్తగారి పక్షవాతం. కారణాలకేం. తర్వాత ఆయన్ని బజార్లో రెండుమూడు సార్లు దూరంగా చూశాను. జామకాయల బండి దగ్గర నిలబడి ఒక్కొక్క కాయని బొటనవేలితో మెల్లిగా నొక్కి చూస్తున్నారు. ఒకసారి బండివాడు కసిరాడు కూడా. నేను పలకరించకుండా వచ్చేశాను.

తమ్ముడి మాట విన్న మర్నాడు ల్యాబులో పాత రిజిస్టర్ల గది తాళం అడిగాను. రెండు వందల పన్నెండు పక్కన ఆ రోజు చూసింది నేనని రాసి, నా సంతకం పెట్టాలనిపించింది. ఇప్పుడు ల్యాబు నడిపేది యజమాని కొడుకు. ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని కాబోతోందని అందరిలాగే అతనూ హడావిడిగా ఉన్నాడు. ఆ గది పడగొట్టి షోరూము కట్టిస్తాడట.

"ఏ రిజిస్టర్లు దీదీ? అవన్నీ దసరాకి ముందే కబాడీవాడికి తూకానికి ఇచ్చేశాం కదా," అన్నాడు.

ఇంక రాయడానికి చోటు లేదు. ఆదివారం ఆటో మాట్లాడుకుని బియ్యం మిల్లుకి వెళ్ళాను.

బిసాహు గేటు దగ్గరే ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. నంబర్ బాబు దగ్గర పనిచేసేదాన్నని చెబితే ముఖం విప్పారింది. "బాబు ఈసారి రాలేదేం?" అని అడిగాడు. పోయారని చెప్పాను. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు మిగతాది చెప్పాను. నాకొచ్చిన హిందీలో, దాచకుండా, మొదటినుంచి చివరిదాకా. చెబుతున్నంతసేపూ అతను తన పాదం వైపే చూశాడు.

"మోర్ గోడ్ త వైసనేచ్ హే బాయీ," అన్నాడు చివరికి. నా కాలు మాత్రం అలాగే ఉంది కదమ్మా. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది.

తర్వాత ఏదో తట్టినట్టు తలెత్తాడు. "త బాబూ హర్ కాబర్ ఆవత్ రహిస్?" తప్పు మీదైతే మరి ఇన్నేళ్ళూ బాబు ఎందుకు వచ్చేవాడు?

అంతలో బయట ధాన్యం లారీ వచ్చి హారను కొట్టింది. బిసాహు కర్ర కోసం చెయ్యి చాపాడు. అతన్ని కూర్చోమని, నేనే వెళ్ళి గేటు తీశాను.